గుండె ఉరికినా గురి ఉరకరాదు

(తృతీయ బి.యస్సీ., బి.జడ్.సి.)

బలం ఒక చోట, నిదానం ఇంకొక చోట పుడతాయని మనలో చాలామందికి ఒక నమ్మకం. పరుగెత్తేవాడికి గురి కుదరదు, గురి చూసేవాడికి పరుగు చేతకాదు అంటారు. కబడ్డీ జట్టుకు మనుషులు కావలసివస్తే పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మాబోటి వాళ్ళ గదుల తలుపులు తడతారు. చదరంగం పోటీ అయితే ఆ వరస వదిలి పక్క వరసకు పోతారు. ఇందులో ఒకరిని అనవలసింది ఏమీ లేదు. ఒళ్ళు వంచి పనిచేసేవాడికి మనసు నిలపడం రాదన్న మాట ఎప్పటినుంచో నడుస్తూ వస్తోంది, అంతే.

ఈ మాట ఎంతవరకు నిజం? దీన్ని పరీక్షించడానికే పుట్టిందా అనిపించే ఆట ఒకటి ఉంది. మన వైపు ఎక్కువమంది దాని పేరైనా విని ఉండరు. అది బయాథ్లాన్. ఆ ఆటలో సుమారు పాతికేళ్ళు పోటీపడిన నార్వే దేశపు రైతుబిడ్డ ఒకాయన ఉన్నాడు. పేరు ఓలే ఐనార్ బ్యోర్న్‌డాలెన్. మంచు మొహం చూడని అనంతపురం జిల్లావాడికి మంచు మీద ఆటతో ఏం పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. ముందు కథ వినండి, తర్వాత నవ్వుదురుగాని.

ఆట స్వరూపం

బయాథ్లాన్ అంటే రెండు పోటీలు కలిసిన పోటీ. మొదటిది స్కీయింగ్. కాళ్ళకు సన్నని పొడవాటి పలకలు బిగించుకొని, రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకొని, మంచును వెనక్కు తోసుకుంటూ గుట్టలు ఎక్కి దిగే పరుగు అది. రెండోది తుపాకితో గురి కొట్టడం. ఆటగాడు పరుగెత్తినంత సేపూ తుపాకి వీపు మీదే ఉంటుంది. దాని బరువు మూడున్నర కిలోలకు తగ్గకూడదని నిబంధన.

కొన్ని కిలోమీటర్లు పరుగెత్తాక ఆటగాడు గురి మైదానానికి వస్తాడు. అక్కడ 50 మీటర్ల దూరంలో వరసగా ఐదు నల్లని గుండ్రని గురులు ఉంటాయి. ఐదు తూటాలతో ఐదింటినీ కొట్టాలి. ఒకసారి పడుకొని కొట్టాలి, ఇంకొకసారి నిలబడి కొట్టాలి. పడుకొని కొట్టేటప్పుడు గురి అడ్డకొలత 45 మిల్లీమీటర్లు, నిలబడి కొట్టేటప్పుడు 115 మిల్లీమీటర్లు. మన భాషలో చెప్పాలంటే మొదటిది నిమ్మకాయంత, రెండోది కొబ్బరి చిప్పంత. తూటా తగిలిందా, నల్లటి గురి తెల్లగా మారిపోతుంది. తప్పిందా, శిక్ష సిద్ధంగా ఉంటుంది.

ఆ శిక్ష కూడా చిత్రంగా ఉంటుంది. చాలా పోటీల్లో, తప్పిన ఒక్కో తూటాకు 150 మీటర్ల చుట్టు ఒకటి అదనంగా తిరిగి రావాలి. అంటే ఇరవై నుంచి ముప్ఫై సెకన్ల దాకా పోయినట్టే. 20 కిలోమీటర్ల వ్యక్తిగత పోటీలో చుట్టు ఉండదు, తప్పిన ప్రతి తూటాకు కాలంలో ఒక నిమిషం కలపడం సంప్రదాయం. ఇవి కాక 10 కిలోమీటర్ల స్ప్రింటు, దానిలో వచ్చిన తేడాల ప్రకారం ముందు వెనుకలుగా బయలుదేరి ఒకరినొకరు తరుముకునే 12.5 కిలోమీటర్ల పర్స్యూటు, అందరూ ఒకేసారి బయలుదేరే 15 కిలోమీటర్ల పోటీ, నలుగురు కలిసి పరుగెత్తే రిలే ఉన్నాయి. ఈ దూరాలన్నీ పురుషులవి.

ఈ ఆట సైనికుల నుంచి పుట్టింది. 1767లో నార్వే, స్వీడన్ సరిహద్దు కాపలాదారులు ఇలాంటి పోటీ పెట్టుకున్నారని చరిత్ర చెబుతోంది. 1924లో ఫ్రాన్స్‌లోని షామొనీలో జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్స్‌లో సైనిక గస్తీ అనే పేరుతో దీని తోబుట్టువు లాంటి పోటీ జరిగింది. బయాథ్లాన్ అన్న పేరుతో ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1960లో, అమెరికాలోని స్క్వా వ్యాలీలో. 1978 నుంచి పెద్ద తుపాకులు పోయి .22 రైఫిలు వచ్చింది. స్త్రీలకు ఒలింపిక్స్‌లో 1992 దాకా చోటు దొరకలేదు.

1960 నాటి ఆ మొదటి పోటీని మాత్రం ఇంకొంచెం చెప్పి తీరాలి. ఆనాడు మంచు మీద అందరికంటే వేగంగా పోయినవాడు ఫ్రాన్స్ దేశపు విక్టర్ ఆర్బెజ్. కానీ 20 తూటాల్లో 18 తప్పాయి. ఒక్కో దానికి రెండు నిమిషాల శిక్ష. మొత్తం 36 నిమిషాలు! ఆ దెబ్బతో ఎక్కడో వెనక్కు పోయాడు. గెలిచినవాడు స్వీడన్ దేశపు క్లాస్ లెస్టాండర్. పరుగులో ఆయనకంటే వేగంగా పోయినవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు. కానీ 20 తూటాలకు 20 తగిలాయి. బలం ఉన్నవాడు ఓడాడు, నిలకడ ఉన్నవాడు గెలిచాడు.

దీన్ని చూసి, "చూశారా, రెండూ వేరే అని చెప్పలేదా?" అని ఎవరైనా అనవచ్చు. తొందరపడకండి. ఆ తర్వాత ఆట మారింది. లెస్టాండర్ లాగా గురి ఒక్కటే ఉంటే చాలదన్న రోజులు వచ్చాయి. ఒకే మనిషిలో రెండూ ఉండాలి. ఉండటమే కాదు, ఒకదాని లోంచి ఇంకొకదానిలోకి కొద్ది సెకన్లలో మారగలగాలి. అసలు కష్టం ఆ మారడంలో ఉంది.

గుండెకూ గురికీ తగవు

విశ్రాంతిగా కూర్చున్న మనిషి గుండె నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకుంటుంది, ఐదు లీటర్ల రక్తం పంపుతుంది. గట్టి సాధన ఉన్న స్కీ ఆటగాడు గుట్ట ఎక్కేటప్పుడు ఆ రక్తం 30 లీటర్లు దాటవచ్చు. గుండె 180 దాకా పోతుంది. 180 అంటే సెకనుకు మూడు దెబ్బలు. ఊపిరి కొలిమి తిత్తిలా ఆడుతూ ఉంటుంది. కాళ్ళు, చేతులు, నడుము అన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి ప్రతి కండరమూ ప్రాణవాయువు కోసం అరుస్తూ ఉంటుంది. ఆ స్థితిలో ఉన్నవాణ్ణి తెచ్చి నిమ్మకాయంత గురి ముందు పడుకోబెట్టి కొట్టమంటారు.

చిన్న లెక్క వేద్దాం. తుపాకి పొడవు సుమారు ఒక మీటరు అనుకోండి. గొట్టం కొస ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాం. 50 మీటర్ల దూరానికి పోయేసరికి ఆ తేడా 50 మిల్లీమీటర్లు అవుతుంది. గురి మొత్తం అడ్డకొలతే 45! సరిగ్గా నడిమధ్యకు చూసినా, కొస అర మిల్లీమీటరు కదిలితే తూటా అంచు బయటికి పోతుంది. అర మిల్లీమీటరు అంటే మన నోటు పుస్తకంలో ఐదారు కాగితాల మందం. సెకనుకు మూడుసార్లు కొట్టుకునే గుండె పక్కనే పెట్టుకొని ఆ మాత్రం కదలిక లేకుండా ఉండాలి.

గుండె దెబ్బ తుపాకిదాకా ఎలా పోతుంది? పడుకొని కొట్టేటప్పుడు తుపాకి పట్టీని పై చేతికి బిగిస్తారు. ఆ పట్టీ కింద చేతి ధమని ఉంది. దాని ప్రతి తుళ్ళింతా పట్టీకి, పట్టీ నుంచి తుపాకికి అందుతుంది. ఎన్.సి.సి.లో ఉన్న మిత్రులకు ఇది బాగా తెలుసు. మనం క్యాంపులో కొట్టేది కూడా .22 రైఫిలే, దూరం 25 మీటర్లే. ఒకరోజు పొద్దున పరుగు అయిపోయిన వెంటనే మమ్మల్ని ఫైరింగుకు తీసుకుపోయారు. నేలమీద బోర్లా పడుకున్నాక నాకు నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ముందు గురి కొస ఒక్కో దెబ్బకూ ఎగిరెగిరి పడుతోంది. "గాలి పీల్చు, సగం వదులు, ఆపు, అప్పుడు మెల్లగా నొక్కు" అని ఉస్తాద్ వెనకనుంచి చెబుతూనే ఉన్నాడు. ఆ ఆపడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. కాసేపు ఎక్కువ బిగబడితే కళ్ళు మసకబారుతాయి, చెయ్యి వణుకుతుంది. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగి, ఊపిరి తియ్యమని మెదడు ఆజ్ఞ ఇస్తుంది. దాన్ని కాదనడం ఎవరి తరమూ కాదు.

బయాథ్లాన్ ఆటగాడు చేసేది ఏమంటే, ఆ ఆజ్ఞతో పోట్లాడడు, దానితో ఒప్పందం చేసుకుంటాడు. గురి మైదానం దగ్గరపడుతుండగానే పరుగు కొద్దిగా సడలిస్తాడు. తుపాకి దించేలోగా గాలి దిశ చూపే చిన్న జెండాల వైపు ఒక చూపు వేస్తాడు. పడుకొని రెండు మూడు పెద్ద ఊపిర్లు తీస్తాడు. ఊపిరి వదిలిన చివర సహజంగా వచ్చే చిన్న విరామంలో ఒక తూటా. మళ్ళీ ఒక ఊపిరి, మళ్ళీ విరామం, ఇంకొక తూటా. ఐదు తూటాలూ సుమారు అరనిమిషంలో అయిపోవాలి. ఎక్కువ సేపు ఉంటే గుండె నెమ్మదిస్తుంది కానీ కాలం పోతుంది. తక్కువ సేపు ఉంటే కాలం మిగులుతుంది కానీ గురి పోతుంది. ఈ బేరం ప్రతి పోటీలో రెండు సార్లో నాలుగు సార్లో కుదుర్చుకోవాలి.

ఇది పుట్టుకతో వచ్చే విద్య కాదు. ఎండాకాలంలో మంచు లేనప్పుడు చక్రాల స్కీల మీద తారు రోడ్డున పరుగెత్తి, తూటా లేని తుపాకి పట్టి ఇంట్లో గోడ వైపు గురి చూసి వేలసార్లు నొక్కి నేర్చుకునే విద్య.

సిమోస్ట్రాండా రైతుబిడ్డ

బ్యోర్న్‌డాలెన్ 1974 జనవరి 27న నార్వేలోని డ్రామెన్‌లో పుట్టాడు. సిమోస్ట్రాండా అనే పల్లెలో, సేద్యం చేసుకునే ఇంట్లో, ఐదుగురు పిల్లల్లో ఒకడుగా పెరిగాడు. అన్న డాగ్ కూడా బయాథ్లాన్ ఆటగాడే. 1993లో జూనియర్ల ప్రపంచ పోటీల్లో బ్యోర్న్‌డాలెన్ మూడు బంగారు పతకాలు గెలిచాడు. మరుసటి ఏడాది సొంత దేశంలోనే, లిల్లెహామర్‌లో ఒలింపిక్స్. అప్పటికి ఆయనకు 20 ఏళ్ళు. అంటే ఇప్పుడు నా వయసు. అక్కడ ఒక్క పతకం కూడా రాలేదు.

పెద్దల ప్రపంచ కప్పులో మొదటి వ్యక్తిగత విజయం రావడానికి 1996 జనవరిదాకా ఆగవలసి వచ్చింది. అది ఇటలీలోని ఆంథోల్జ్‌లో. ఆ రోజుల్లో పరుగులో ఆయనకు సాటి తక్కువ, గురి మాత్రం ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండేది కాదు. అప్పుడు ఆయనకు తోడు దొరికినవాడు ఓయ్‌విండ్ హామర్. ఈయన చదువుకున్న మనస్తత్వ పండితుడు కాదు, వాక్యూమ్ క్లీనర్లు అమ్మిన మనిషి. పదిమంది తలుపులు మొహాన వేసినా పదకొండో తలుపు అదే ఉత్సాహంతో తట్టడం ఎలాగో తెలిసినవాడు. తప్పిన తూటాను అక్కడే వదిలేసి తర్వాతి తూటా మీదికి మనసు తీసుకుపోవడం గురించి ఆటగాడికి నేర్పవలసింది అలాంటివాడే గదా!

1998లో జపాన్‌లోని నగానో ఒలింపిక్స్. 10 కిలోమీటర్ల స్ప్రింటులో బ్యోర్న్‌డాలెన్ ముందున్నాడు. ఇంతలో మంచు, పొగమంచు దట్టంగా కమ్మేసి పోటీ ఆపేశారు. ఆనాటి పరుగు లెక్కలోకి రాదన్నారు. చేతికందిన ముద్ద నేలపాలైనట్టే. ఇంకొకడైతే ఆ రాత్రి నిద్రపోడు. మర్నాడు పోటీ మళ్ళీ మొదటినుంచి పెట్టారు. పది తూటాలూ తగిలాయి. రెండోవాడికంటే ఒక నిమిషానికి పైగా ముందు గీత దాటాడు. అది ఆయన మొదటి ఒలింపిక్ బంగారం. ఆ రిలేలో అన్నదమ్ములిద్దరూ కలిసి రజతం కూడా తెచ్చారు.

2002లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్ వచ్చాయి. అక్కడ పురుషుల బయాథ్లాన్ పోటీలు నాలుగు. వ్యక్తిగత పోటీ, స్ప్రింటు, పర్స్యూటు, రిలే. నాలుగూ బ్యోర్న్‌డాలెన్ గెలిచాడు. అంతకుముందు ఏ బయాథ్లాన్ ఆటగాడూ ఒకే ఒలింపిక్స్‌లో అలా ఊడ్చుకుపోలేదు. ఇందులో ఒక విశేషం గమనించండి. వ్యక్తిగత పోటీలో రెండు తూటాలు తప్పాయి, అంటే రెండు నిమిషాలు పోయాయి. పరుగులో ఆ రెండు నిమిషాలూ తిరిగి సంపాదించాడు. స్ప్రింటులో ఒక్కటీ తప్పలేదు. ఒకనాడు బలం నిలకడను ఆదుకుంది, ఒకనాడు నిలకడ బలాన్ని ఆదుకుంది.

మా అవ్వ కాలంలో మా వైపు వేరుశెనగ విత్తనం గొర్రుతో వేసేవాళ్ళు. ముందు ఎద్దులు, వెనక జడ్డిగంలో గింజలు పోసే మనిషి. పదును పోకముందే విత్తాలి కాబట్టి ఎద్దులను తోలేవాడు తొందరపెడతాడు. గింజలు పోసే చెయ్యి మాత్రం తొందరపడకూడదు. పడితే ఒకచోట గింజ గుంపుగా పడుతుంది, ఇంకొకచోట సాలు బోడిగా మిగులుతుంది. పది రోజుల తర్వాత మొలక వచ్చాక ఊరంతా చూస్తుంది, ఎవరి చెయ్యి ఎక్కడ తడబడిందో. "ఎద్దులు ఉరికినా చెయ్యి ఉరకగూడదురా" అనేది అవ్వ. ఆ పని పొద్దుటినుంచి మాపటిదాకా ఎండలో చేసిన మనుషులకు మనసు నిలపడం రాదంటే నేనెట్లా ఒప్పుకుంటాను? బ్యోర్న్‌డాలెన్ గురించి చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఏ ఒలింపిక్ వీరుడో కాదు, జడ్డిగం మీద ఉన్న అవ్వ చెయ్యి.

బంగారం లేని ఏడు

గెలుపులు లెక్కపెట్టి ఊరుకుంటే కథ సగమే. 2005లో ఆస్ట్రియాలోని హోక్‌ఫిల్జెన్ ప్రపంచ పోటీల్లో నాలుగు బంగారాలు గెలిచి, 2006లో ఇటలీలోని ట్యూరిన్ ఒలింపిక్స్‌కు పోయాడు. అప్పటికి పోటీలు ఐదయ్యాయి. ఐదూ ఆయనవే అనుకున్నవాళ్ళకు కొదవ లేదు. వ్యక్తిగత పోటీలో జర్మనీ దేశపు మిఖాయెల్ గ్రైస్ ముందు రజతంతో సరిపెట్టుకున్నాడు. స్ప్రింటులో పతకమే లేదు. పర్స్యూటులో చివరిదాకా వచ్చి ఆఖరి పరుగులో ఫ్రాన్స్ దేశపు విన్సెంట్ దెఫ్రాన్ చేతిలో కొద్ది సెకన్లలో ఓడాడు. రిలేలో నార్వేకు పతకం రాలేదు. చివరి పోటీలో కాంస్యం. రెండు రజతాలు, ఒక కాంస్యం. ఇంకొకరికైతే జన్మకు చాలు. నాలుగేళ్ళ క్రితం నాలుగుకు నాలుగు గెలిచినవాడికి అది ఓటమి కిందే లెక్క.

ఆ తర్వాత ఆయన చేసింది చూడండి. అదే సీజనులో మొత్తం పాయింట్ల మీద ప్రపంచ కప్పు గెలిచాడు. అదే ఏడు నవంబరులో తుపాకి పక్కనపెట్టి, స్వీడన్‌లోని యాలివారెలో ఉత్త స్కీ పరుగు ప్రపంచ కప్పు పోటీలో దిగి, ఆ ఆటవాళ్ళనే ఓడించాడు. 2009లో కొరియాలోని ప్యాంగ్‌చాంగ్ ప్రపంచ పోటీల్లో మళ్ళీ నాలుగు బంగారాలు. మొత్తం మీద ప్రపంచ కప్పు ఆరు సార్లు ఆయనది. ప్రపంచ పోటీల్లో 20 బంగారాలతో కలిపి 45 పతకాలు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో రిలే బంగారం, వ్యక్తిగత పోటీలో రజతం. ఆ రజతం బెలారుస్ దేశపు సెర్గీ నోవికోవ్‌తో పంచుకున్నాడు, ఎందుకంటే 20 కిలోమీటర్లు పోయి 20 తూటాలు కొట్టాక కూడా ఇద్దరి కాలమూ సెకనులో పదో వంతు కూడా తేడా లేకుండా ఒక్కటే వచ్చింది!

ఇంత చేసినవాడికి జాగ్రత్త ఎంతో చెబితే నవ్వొస్తుంది. పోటీలకు పోయినప్పుడు బసచేసే గదిలో దుమ్ము ఉంటే జలుబో దగ్గో పట్టుకుంటుందని సొంత వాక్యూమ్ క్లీనర్ వెంట తీసుకుపోయేవాడు. నాకు ఇది చాదస్తంగా తోచలేదు. ఒక దగ్గు వస్తే ఊపిరి లయ చెడుతుంది, ఊపిరి చెడితే గురి చెడుతుంది, గురి చెడితే ఏడాది శ్రమ పోతుంది. విత్తనం ఎంచేటప్పుడు పుచ్చుగింజ ఒక్కటి కూడా కలవకుండా మా నాయన చేటతో చెరగడం చూసినవాణ్ణి, ఇందులో తప్పు పట్టలేను.

నలభై ఏళ్ళ చెయ్యి

2010 తర్వాత విజయాలు తగ్గాయి. నార్వేకే చెందిన ఎమిల్ హెగ్లె స్వెండ్‌సెన్, ఫ్రాన్స్ దేశపు మార్టిన్ ఫోర్‌కాడ్ లాంటి కొత్తవాళ్ళు ముందుకు వచ్చారు. ఇక చాలించుకుంటాడని అందరూ అనుకున్నారు. 2014లో రష్యాలోని సోచి ఒలింపిక్స్‌కు వచ్చేసరికి జట్టులో యోహానెస్ బ్యో అనే కుర్రవాడు ఉన్నాడు. బ్యోర్న్‌డాలెన్ లిల్లెహామర్‌లో మొదటిసారి ఒలింపిక్స్ ఆడేనాటికి ఆ కుర్రవాడికి ఏడాది కూడా నిండలేదు.

ఫిబ్రవరి 8న స్ప్రింటు. బ్యోర్న్‌డాలెన్‌కు నలభై నిండి పన్నెండు రోజులు. పడుకొని కొట్టిన ఐదూ తగిలాయి. నిలబడి కొట్టిన ఐదులో ఒకటి తప్పింది. శిక్ష చుట్టు తిరిగాడు. ఆస్ట్రియా దేశపు డొమినిక్ లాండర్టింగర్‌కు ఒక్క తూటా కూడా తప్పలేదు. అయినా చివరికి బ్యోర్న్‌డాలెన్ 1.3 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ 1.3 సెకన్లు ఎక్కడినుంచి వచ్చాయి? కాళ్ళనుంచి అని చెప్పడం తేలిక. నా ఉద్దేశం వేరు. తూటా తప్పిన ఆ క్షణంలో తల విదిలించుకోకుండా, తిట్టుకోకుండా, మిగిలిన పని చేసిన అలవాటునుంచి వచ్చాయి. పద్దెనిమిదేళ్ళ సాధన ఆ క్షణంలో పనికొచ్చింది.

అదే నెల 19న ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు కలిసి పరుగెత్తే మిశ్రమ రిలే ఒలింపిక్స్‌లో మొదటిసారి జరిగింది. టోరా బెర్గర్, టిరిల్ ఎక్హాఫ్, బ్యోర్న్‌డాలెన్, స్వెండ్‌సెన్ కలిసి నార్వేకు బంగారం తెచ్చారు. దానితో ఆయన ఒలింపిక్ పతకాలు పదమూడయ్యాయి, ఎనిమిది బంగారాలు. తన దేశస్థుడే అయిన స్కీ వీరుడు బ్యోర్న్ డేలీ పన్నెండు పతకాల రికార్డు దాటాడు. తర్వాత 2018లో మారిట్ బ్యోర్గెన్ అనే నార్వే మహిళ పదిహేను పతకాలతో ఆయన లెక్కను దాటింది.

2015 డిసెంబరులో, 41 ఏళ్ళప్పుడు, స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్‌లో వ్యక్తిగత పోటీ గెలిచాడు. 2016లో ఓస్లో ప్రపంచ పోటీల్లో రిలే బంగారంతో సహా నాలుగు పతకాలు.

గుండె చెప్పిన లెక్క

2018 ఒలింపిక్స్ మళ్ళీ ప్యాంగ్‌చాంగ్‌లోనే. తొమ్మిదేళ్ళ క్రితం నాలుగు బంగారాలు గెలిచిన చోటు. ఈసారి నార్వే జట్టులో ఆయనకు స్థానం దొరకలేదు. గత కీర్తి చూసి చోటివ్వలేదు, ఆ సీజను ఫలితాలే చూశారు. అయినా ఆయన ప్యాంగ్‌చాంగ్ పోయాడు, భార్య దార్యా డొమ్రాచెవాకు శిక్షకుడిగా. ఆమె బెలారుస్ దేశపు బయాథ్లాన్ వీరవనిత. సోచిలో మూడు బంగారాలు ఆమెవి, ఈసారి రిలేలో నాలుగోది గెలిచింది.

2018 ఏప్రిల్‌లో, పెరిగిన పల్లె సిమోస్ట్రాండాలోనే, బ్యోర్న్‌డాలెన్ పోటీలనుంచి విరమించుకుంటున్నానని ప్రకటించాడు. ఇంకా ఆడాలన్న కోరిక చావలేదు. కానీ గుండె లయ తప్పుతోంది. జీవశాస్త్రం చదివేవాణ్ణి కాబట్టి నాకు ఈ ముగింపు దగ్గర ఆగి ఆలోచించక తప్పలేదు. ఏ గుండెను రెండు తూటాల మధ్య కుదుటపరచడం జన్మంతా నేర్చుకున్నాడో, ఆ గుండే చివరికి ఇక చాలు అని చెప్పింది. ఏళ్ళ తరబడి కఠినమైన ఓర్పు పరుగులు చేసినవారిలో గుండె లయకు సంబంధించిన ఇలాంటి ఇబ్బంది మిగతావారికంటే కొంత ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులు గుర్తించారు. ఒళ్ళు వాడుకున్నవాడికి ఒళ్ళే లెక్క చెబుతుంది. నడుము పట్టేసి తెల్లవారుజామున మంచం మీదనుంచి లేవలేక గోడ పట్టుకునే మన రైతులకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన ఆ మాట విన్నాడు, ఆగాడు. తర్వాత 2019లో భార్యతో కలిసి చైనా జట్టుకు శిక్షకుడుగా వెళ్ళి, 2022 బీజింగ్ ఒలింపిక్స్‌దాకా తనకు తెలిసింది ఇతరులకు నేర్పాడు.

ఈ జీవితంనుంచి నేను తీసుకున్నది ఇది. బలం, నిలకడ రెండు జాతుల మనుషుల్లో పుట్టే గుణాలు కావు. ఒకే ఒంట్లో ఉండే రెండు పనులు. ఒకదాని లోంచి ఇంకొకదానిలోకి దాటడం నేర్చుకుంటే వస్తుంది. నేర్చుకోకపోతే లిల్లెహామర్‌లో ఇరవై ఏళ్ళ బ్యోర్న్‌డాలెన్‌కు రానట్టే, ఎంత బలవంతుడికైనా పతకం రాదు. అది ఒకరోజులో రాదు, ఒకసారి వచ్చాక ఎల్లకాలం ఉండిపోతుందన్న పూచీ కూడా లేదు, ట్యూరిన్ ఆ మాట చెప్పింది. వచ్చిన దాన్ని రోజూ తోముకోవాలి, ఇంట్లో రాగి చెంబు తోముకున్నట్టు.

చేనుపని చేసి చదువుకోవడానికి వచ్చిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక్క మాట. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతికొచ్చినప్పుడు మన గుండె కూడా సెకనుకు రెండు మూడు దెబ్బలు కొడుతుంది. అది భయపడవలసిన విషయం కాదు, గుండె తన పని తాను చేస్తోంది. ఒక పెద్ద ఊపిరి తీసి, వదిలి, ఆ చివర వచ్చే చిన్న విరామంలో మొదటి ప్రశ్న చదవండి. అది తెలియకపోతే దాన్ని అక్కడే వదిలి రెండోది చదవండి. ఐదింటిలో ఒకటి తప్పినా ఇంకా నాలుగున్నాయి. చుట్టు ఒకటి ఎక్కువ తిరగవలసివస్తుంది, అంతే గదా. తిరిగి వచ్చి గెలిచినవాళ్ళున్నారు.